తామరను గుర్తించిన కథ

మన భాషలో కొలనునందు విచ్చుకొను పూవునకును తామర యనియే పేరు. ఒడలిమీద గుండ్రముగ విస్తరించు మచ్చకును తామర యనియే పేరు. పూవును దేవునకు సమర్పింతుము. మచ్చను మాత్రము ఎవరికిని చెప్పక, బట్ట చాటున దాచుకొని, రాత్రివేళ గోకుకొనుచు కాలము గడుపుదుము. ప్రాణము తీయని రోగము గనుక దీనికొక చరిత్ర యుండునని ఎవరును తలపరు. ఊళ్ళను ఊడ్చివేసిన కలరాకును, రాజులను సయితము విడువని మశూచికమునకును చరిత్రకారులు గలరు. తామర సంగతి అట్లు కాదు. అయినను మనుష్యుడు ఈ చిన్నరోగమును గుర్తించిన తీరు విచారించినచో ఒక విషయము తేటపడును. మందు లేకపోవుటవలన కలిగిన బాధ యొకటి. ఒక రోగమును మఱియొక రోగముగా భ్రమించుటవలన కలిగిన బాధ వేరొకటి. ఈ రెండవ బాధయే తామర కథలో అడుగడుగున కనిపించును. నేటికిని అది తీరలేదు.

ఈ కథకు మన కృష్ణా డెల్టా తగిన రంగము. తామర రక్తము చెడుటవలన వచ్చునది కాదు. పురుగు కుట్టుటవలన వచ్చునదియు కాదు. అది బూజు జాతికి చెందిన శిలీంధ్రమువలన వచ్చును. పచ్చడి జాడీలో తడిగరిటె పెట్టినచో బూజు పట్టును. వానకాలమున మూలనుంచిన తోలుచెప్పులకును పట్టును. అట్లే చర్మమునకును పట్టును. చర్మముయొక్క పైపొరలోను, వెండ్రుకలలోను, గోళ్ళలోను కెరాటిన్ అను గట్టి పదార్థము కలదు. ఈ శిలీంధ్రములకు అదియే ఆహారము. వేడి, తడి, చెమట మూడును కలసినచోట అవి వర్ధిల్లును.

ఆర్థర్ కాటన్ ప్రోద్బలమున, కెప్టెన్ చార్లెస్ ఆర్ పర్యవేక్షణమున, బెజవాడ వద్ద కృష్ణకు అడ్డముగా ఆనకట్ట కట్టుట 1852లో ఆరంభమై 1855లో ముగిసినది. దానికి 1952లో గండిపడగా, 1957 నాటికి ప్రకాశం బ్యారేజి సిద్ధమైనది. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ, ఆవలి గట్టున కొమ్మమూరు కాలువ పాఱి, బీడునేలలను వరిమాగాణులుగా మార్చినవి. ఆ మాగాణులలో దమ్ముచేసిన చేను ఒకటి తలచుకొనుడు. ఊడ్పుల దినములలో స్త్రీలు తెల్లవారినది మొదలు ప్రొద్దు గ్రుంకువఱకు పిక్కలలోతు బురదలో నిలిచి నాట్లు వేయుదురు. కాలివ్రేళ్ళ సందులు నాని, పాసి, తెల్లబడి, ఒరియును. గోచి బిగించి నాగలి పట్టిన పురుషుని గజ్జలలో చెమట ఆరదు. పట్టణమున, విజయవాడ ఎండలో, తడిసిన బట్ట ఒంటిమీదనే ఆరవలసినదే. వరికి అనుకూలించిన నేల బూజునకును అనుకూలించినది.

మన ప్రాచీనులు ఈ రోగమును చక్కగా చూచిరి. సంస్కృతమున దీనికి దద్రువని పేరు. దురద, ఎఱుపు, చిన్నచిన్న పొక్కులు, చుట్టును పైకి లేచిన మండలాకారము దీని లక్షణములని చరకసంహిత చెప్పుచున్నది. నేటి చర్మవైద్యుడు భూతద్దము పట్టి చూచినను ముఖ్యలక్షణములుగా వీనినే చెప్పును. చూపులో లోపము లేదు. చిక్కు వచ్చినది పేరులో. ఆయుర్వేదమున కుష్ఠమనునది అనేక చర్మరోగములకు ఉమ్మడిపేరు. చరకసంహితలో మహాకుష్ఠములు 7, క్షుద్రకుష్ఠములు 11, మొత్తము 18 కలవు. అందు చరకుడు దద్రువును క్షుద్రకుష్ఠములలో చేర్చెను. సుశ్రుతుడు మహాకుష్ఠములలో చేర్చెను. శాస్త్రకారుల నడుమ ఇది వర్గీకరణమునందలి భేదము మాత్రమే. కాని కాలక్రమమున లోకవ్యవహారములో కుష్ఠు అనగా పెద్దరోగమను ఒక్క అర్థమే నిలిచినది. అంతట తామరమచ్చ కనబడగానే గుండె గుభేలుమనుట, ఇరుగుపొరుగు గుసగుసలాడుట, వియ్యమందబోవువారు వెనుకాడుట మొదలైనవి. ఉమ్మడిపేరు తెచ్చిన ముప్పు ఇది.

ఈ భయమునకు ఎదురు ప్రక్కను అంతకంటె పెద్ద ప్రమాదము కలదు. నిజమైన కుష్ఠుమచ్చను తామరయని తలచి, మందు పూయుచు ఏండ్లు గడపిన వారును ఉండిరి. కోస్తా జిల్లాలలో ఒకప్పుడు కుష్ఠు మిక్కుటము. బాపట్లలో సాల్వేషన్ ఆర్మీవారు ఈ రోగులకై ప్రత్యేకముగా ఆసుపత్రి నడపిరి. కుష్ఠును కలిగించు సూక్ష్మజీవిని నార్వే దేశపు హాన్సెన్ 1873లో కనుగొనెను. తామరకును దానికిని ఏ బంధుత్వమును లేదు. రెండింటిని వేరుపఱచు గుఱుతు గృహస్థునకును తెలిసియుండదగినది. తామర దురద పెట్టును. దాని అంచు ఎఱ్ఱగా ఉబ్బి, పొట్టు రాలుచుండును. నడుమ భాగము కొంత మానినట్లుండును. కుష్ఠుమచ్చకు సాధారణముగా దురద యుండదు. అచ్చట స్పర్శ తగ్గియుండును. రోగిని కన్నులు మూసికొనుమని, మచ్చమీద దూదిపోగుతో మెల్లగా తాకి, తెలియుచున్నదా యని అడుగవలెను. తెలియనిచో ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను. తెలిసినంతమాత్రమున కుష్ఠు కాదని నిశ్చయింపను రాదు. అనుమానమున్న మచ్చను వైద్యునికే చూపవలెను. నేడు కుష్ఠునకు పూర్తిగా నయమగు మందులు ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగా లభించును. దాచుకొనుటవలన వచ్చునది అంగవైకల్యమే.

ఇక మందుల కథ. వానలు పడగానే మన పొలముగట్లమీదను, బాటల ప్రక్కలను పచ్చని పూవులతో మొలచు తగిరిస మొక్కను ఎఱుగనివారుండరు. సంస్కృతమున దీనికి చక్రమర్దమనియు, దద్రుఘ్నమనియు పేళ్ళు. దద్రుఘ్నమనగా తామరను చంపునది. విజయవాడలో నోరి రామశాస్త్రిగారి పేర వెలసిన ఆయుర్వేద కళాశాల కలదు. అట్టి విద్యాలయములలో చదువువారికి ఈ పేరు చిరపరిచితము. దీని గింజలను పులిసిన మజ్జిగతోగాని, నిమ్మరసముతోగాని నూరి పూయుట మన యిండ్లలో వాడుక. దీనికి దగ్గఱచుట్టమైన మఱియొక మొక్కను సీమ అవిసె యందురు. మెట్టతామర యనియు దానికి పేరు. అది అమెరికా ఖండపు ఉష్ణప్రాంతములనుండి వచ్చినది. పేరులో సీమ యను మాట ఆ రాకకే సాక్ష్యము. పరదేశపు మొక్కను పెరటిలో నాటుకొని, తామరకు పనిచేయునని తెలిసికొని, దానికి రోగము పేరే పెట్టుకొన్న ఘనత మన పల్లెవాసులది.

ఈ మొక్కలలో క్రైసోఫానిక్ ఆమ్లమును, దానికి చేరువ పదార్థములును కలవని రసాయన శాస్త్రము తరువాత తెలిపినది. దీనికి సంబంధించిన వింతకథ యొకటి కలదు. 19వ శతాబ్దమున గోవా, బొంబాయి పట్టణములలో తామరకు గోవా పొడి యను ఒక మందును అమ్మెడివారు. అది ఏమి వస్తువో అమ్మువారు చెప్పెడివారు కారు. అది బ్రెజిలు దేశమున అరరోబా యను చెట్టు కాండమునుండి తీసిన చూర్ణమని బ్రెజిలు వైద్యుడైన డా సిల్వా లిమా 1870ల దశకమున బయటపెట్టెను. పోర్చుగీసువారి ఓడలలో వచ్చిన ఆ చూర్ణములోని సారమును మన తగిరిసలోని సారమును దాయాదులే. ఇంట నున్న మొక్కకు దూరపుచుట్టము సముద్రములు దాటి వచ్చి, రహస్యౌషధమను పేరున అమ్ముడుపోయినది. దాని గుణమెంతయో దోషమును అంతయే: చర్మమును మండించును, కంటికి తగిలిన ప్రమాదము.

మందులు ఇట్లుండగా, రోగకారణము మాత్రము 19వ శతాబ్దము నడుమవఱకు చీకటిలోనే యుండెను. చెడురక్తము, చెడుగాలి, పాపఫలము అని ఎవరికి తోచినది వారు చెప్పిరి. వెలుగు మొదట పట్టుపురుగులమీద పడినది. ఇటలీలో అగస్తీనో బస్సీ 1835లో పట్టుపురుగుల తెగులు ఒక సూక్ష్మశిలీంధ్రమువలన వచ్చుచున్నదని నిరూపించెను. అది తెలిసిన తరువాత జర్మను వైద్యుడు షోన్‌లైన్ 1839లో, తలకు వచ్చు ఒక తామరజాతి రోగమునందును శిలీంధ్రమున్నదని ప్రకటించెను. అదే సంగతిని 1837లో చూచిన రెమాక్ అనువాడు, రోగి తలనుండి తీసిన పక్కులను తన చేతికే అంటించుకొని, రోగము పుట్టుట చూచెను. పారిసు నగరమున డేవిడ్ గ్రూబీ యను హంగేరీదేశపు వైద్యుడు, వీరి పని ఎఱుగకయే, 1841 మొదలు 1844 వఱకు ఈ శిలీంధ్రముల నొకటొకటిగా సూక్ష్మదర్శినిలో వర్ణించెను. కోఖ్ పండితుడు ఆంథ్రాక్సు క్రిమిని గూర్చి నిరూపణము చేసినది 1876లో. మనుష్యునకు సూక్ష్మజీవివలన రోగము వచ్చునని తేలిన తొలి ఉదాహరణములలో ఈ తామరజాతి రోగము చేరినదన్నమాట. మనము సిగ్గుతో దాచుకొను మచ్చకు వైద్యచరిత్రలో ఇంతటి స్థానము కలదు.

కారణము తెలిసినను పొరబాట్లు ఆగలేదు. ఆంగ్లేయులు ఈ దేశమున ఉన్నప్పుడు గజ్జలలో వచ్చు తామరకు ధోబీ దురద యని పేరు పెట్టిరి. చాకలివాడు అందఱి బట్టలను కలిపి ఉదుకుటవలన రోగము అంటుచున్నదని వారి నిశ్చయము. పగలెల్ల బిగుతుదుస్తులు తొడిగి, చెమటలో నానుచు, నెపము మాత్రము రేవుగట్టున ఎండలో బట్టలు ఉదికి ఆరవేయువానిమీద పెట్టిరి. బట్టలద్వారా రోగము ప్రాకుట నిజమే. కాని తువ్వాలు, పడక, లోదుస్తు ఇంటిలో పంచుకొనుటవలన ప్రాకునది చాకలి మూటలోనే పుట్టినదనుట న్యాయము కాదు.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఈ కథ మఱియొక మలుపు తిరిగినది. ఇండియాలో నున్న అమెరికను సైనికులకు మెడమీదను, నడుముదగ్గఱను దురదమచ్చలు లేచినవి. మరల చాకలియే కారణమనిరి. ఈసారి అందు కొంత నిజమున్నది. అయితే అది తామర కాదు. బట్టలకు గుర్తుపెట్టుటకు చాకలివారు నల్లజీడి రసము వాడుదురు. ఆ గుర్తు తగిలినచోట చర్మము పొక్కినదని అమెరికను వైద్యులు 1943లో ప్రకటించిరి. అది శిలీంధ్రము కాదు, నల్లజీడి సరిపడకపోవుట. దానికి తామరమందు ఎంత పూసినను ప్రయోజనమేమి? ఆ గుర్తు చర్మమునకు తగులకుండ చేసినచో మానును. మచ్చ ఎచ్చట పుట్టినది, ఏది తగిలి పుట్టినది యని అడుగనిదే మందు వ్రాయరాదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

ఇరువదవ శతాబ్దమున మందులు వరుసగా వచ్చినవి. లండనులో ఆర్థర్ విట్‌ఫీల్డ్ 1907లో బెంజోయిక్, సాలిసిలిక్ ఆమ్లములు కలిపిన లేపనమును తెలిపెను. చౌకయైన ఆ లేపనము అతని పేరిటనే ఆసుపత్రులలో తరతరములు వాడబడినది. మన పొరుగున సింహళమున కొలంబోలో పనిచేసిన ఆల్డో కాస్టెల్లాని, లోకమంతట విరివిగా కనిపించు ఒక తామర శిలీంధ్రమును 1910లో వర్ణించెను. పిల్లల తలతామరకు పారిసులో సబూరో 1904లో ఎక్స్‌కిరణములతో వెండ్రుకలు రాల్చు పద్ధతి ప్రవేశపెట్టెను. అప్పటికి అది మేలుగానే తోచినది. ఇజ్రాయేలునకు వలసవచ్చిన పిల్లలకు 1950ల ప్రాంతమున వేలకొలదిగ ఆ చికిత్స జరిగినది. పెద్దవారైన తరువాత వారిలో కొందఱికి మెదడుకంతులు, థైరాయిడు క్యాన్సరు వచ్చినట్లు 1974 పరిశోధన తెలిపినది. చిన్నరోగమునకు పెద్దమందు వాడినవారు చెల్లించిన మూల్యమది.

మన గోదావరి డెల్టాలో, భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు ఇచ్చట స్మరింపదగినది. అమెరికాలో వారి నాయకత్వమున నడచిన ప్రయోగశాలనుండి వెలువడిన ఆరియోమైసిన్, మన విజయవాడ రేడియో కేంద్రము వెలసిన 1948లోనే లోకమునకు తెలిసినది. అది ఎన్నియో సూక్ష్మజీవులను అణచినది. కాని తామరను అణచలేదు. శిలీంధ్రము వేరు, బాక్టీరియా వేరు. ఒకదాని మందు రెండవదానికి పనికిరాదు. చీముపుండునకు వాడు మాత్రలను తామరకు మ్రింగువారు ఈ భేదమును మఱచుచున్నారు. 1953లో అమెరికను శాస్త్రజ్ఞులు క్రొత్తగా కనుగొన్న ఒక శిలీంధ్రమునకు సుబ్బారావుగారి గౌరవార్థము సుబ్బారోమైసెస్ అని పేరు పెట్టిరి. తామరను లోపలినుండి జయించిన తొలి మందు గ్రిసియోఫుల్విన్. బూజునుండియే 1939లో దీనిని తీసిరి. దానిని మ్రింగించినచో చర్మమునందలి తామర మానునని గ్లాస్గోలో జెంటిల్స్ 1958లో సీమపందులమీద చూపెను. తరువాత క్లోట్రిమజోల్, టెర్బినఫిన్ మొదలగు పూతమందులును, మాత్రలును వచ్చినవి. కథ ఇచ్చట ముగియవలసినది.

ముగియలేదు. 1952లో హైడ్రోకార్టిసోన్ అను స్టీరాయిడును చర్మమునకు పూయుట అమెరికాలో ఆరంభమైనది. ఎగ్జిమా వంటి రోగములకు అది వరము. తామరకు అది శాపము. పూసిన రెండవదినమునకే దురద చల్లారును, ఎఱుపు తగ్గును, రోగి సంతోషించును. కాని స్టీరాయిడు శిలీంధ్రమును చంపదు. దానితో పోరాడు చర్మమునే నిద్రపుచ్చును. బూజు లోలోపల ప్రాకి, అంచు చెరగి, మచ్చ ఆకారము మారి, వైద్యుడే గుర్తింపలేని స్థితికి వచ్చును. ఇంగ్లండులో ఐవ్, మార్క్స్ అను ఇద్దఱు వైద్యులు 1968లో దీనిని మాఱువేషపు తామరగా వర్ణించిరి. మనదేశమున స్టీరాయిడును, తామరమందును, బాక్టీరియా మందును ఒకే గొట్టములో కలిపిన పూతలు మందులకొట్లలో వైద్యుని చీటీ లేకయే అమ్ముడుపోయినవి. అనేక స్టీరాయిడు పూతలను చీటీ లేనిదే అమ్మరాదని 2018లో కేంద్రప్రభుత్వము కట్టడి చేసినది. చర్మవైద్యుల సంఘమువారును ప్రచారము చేయుచున్నారు. అయినను, అడిగినవారికి అడిగిన గొట్టము ఇచ్చు అలవాటు పోలేదు.

ఫలితమేమన, పూర్వము వారములలో మానిన తామర నేడు నెలల తరబడి మానుట లేదు. ఇంటిలో ఒకరినుండి అందఱికిని ప్రాకుచున్నది. టెర్బినఫిన్ మందునకు తఱచుగా లొంగని ఒక శిలీంధ్రమును జపాను శాస్త్రజ్ఞులు 2020లో వేఱుపఱచి వర్ణించిరి. భారత, నేపాల దేశములనుండి వచ్చినవారి చర్మమునందు అది కనిపించుటచేత దాని పేరులో ఇండియా మాటయే చేర్చి, ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనిరి. 2023లో న్యూయార్కు నగరమునందును ఇద్దఱు స్త్రీలకు అది సోకినట్లు ప్రకటించిరి. ఒకనాడు దురదకు మన చాకలివాని పేరు పెట్టిన లోకము నేడు మన దేశము పేరు పెట్టినది. మొదటి పేరు అన్యాయము. రెండవదానిలో మన తొందరపాటునకును కొంత పాలు కలదేమో ఆలోచింపవలెను.

కనుక ఇంటిలో ఎవరికైన మచ్చ కనబడినచో మొదట గుర్తింపు, పిదప మందు. గుండ్రముగ, పొట్టురాలు అంచుతో, దురదతో ప్రాకునది తామర కావచ్చును. మెడమీద, రొమ్ముమీద, వీపున సన్నని పొట్టుతో చిన్నచిన్న వెలిసినమచ్చలు వచ్చినచో అది శోభి కావచ్చును. అదియు శిలీంధ్రజాతి రోగమే, మందుకు లొంగును. దానిని చూచి బొల్లియని బెదరిపోరాదు. బొల్లి పాలవలె తెల్లగా నుండును, పొట్టు రాలదు. చేతివ్రేళ్ళ సందులలో పొక్కులు లేచి, రాత్రులందు దురద హెచ్చి, ఇంటిల్లిపాదికిని వచ్చినచో అది గజ్జి. దానికి కారణము కంటికి సరిగా కనబడని పురుగు, మందు వేరు. ఎగ్జిమాను కూడ కొందఱు తామర యనియే పిలుతురు. దాని మందు దీనికి విషమువంటిది. అనుమానమున్నచో వైద్యుడు మచ్చ అంచునుండి కొంచెము పొట్టు గీకి, పొటాషు ద్రావకములో వేసి సూక్ష్మదర్శినిలో చూచును. నిమిషములలో శిలీంధ్రపు దారములు కనిపించును. ఖర్చు స్వల్పము. ఈ పరీక్ష అడిగి చేయించుకొనుటకు వెనుదీయరాదు.

మందు పూయునప్పుడు మచ్చమీదనే కాక చుట్టును రెండు సెంటీమీటర్ల మేర పూయవలెను. దురద తగ్గినదని నాలుగు దినములకే మానరాదు; మచ్చ పోయిన తరువాతను వైద్యుడు చెప్పినన్ని దినములు కొనసాగింపవలెను. మచ్చలు అనేకముగ ఉన్నను, తలకును గోళ్ళకును వచ్చినను పూతమందు చాలదు, మాత్రలు వలయును, అవి వైద్యుని చీటీమీదనే. జిల్లేడుపాలు, కిరసనాయిలు పూసి చర్మము కాల్చుకొనరాదు. స్నానమైన పిమ్మట గజ్జలు, చంకలు, వ్రేళ్ళసందులు తుడిచి ఆరనీయవలెను. చేలనుండి వచ్చినవారు కాళ్ళు కడిగి, సందులు పొడిబట్టతో ఒత్తుకొనవలెను. తువ్వాలు ఎవరిది వారికే. లోబట్టలు వేడినీటిలో ఉదికి ఎండలో, తిరగవేసి ఆరవేయవలెను. ఇంటిలో ఎందఱికి ఉన్నదో అందఱును ఒక్కసారిగా మందు వాడవలెను. ఒకరు మాని ఒకరు మిగిలినచో మరల మొదటికి వచ్చును.

మొక్క పేరులో తామరను చంపునది యని వ్రాసినవారు, చేతికి పక్కులు అంటించుకొని చూచినవారు, సీమపందులకు మాత్రలు పెట్టి పరీక్షించినవారు అందఱును చేసినది ఒక్కటే: ముందు పరికించి చూచిరి. మందులకొట్టు ముందు నిలిచి, దురదకు ఏదైన ఇమ్మని అడుగు మనమును ఆ పాటి ఓపిక చూపినచో, రెండువేల యేండ్లకు పైబడిన ఈ పాతచుట్టము మన యిండ్లనుండి సెలవు తీసికొనక తప్పదు.